రంగము దారి – రహదారి చీటీ

రహదారి యనగా నేడు మనకు పెద్ద బాట. బస్సులును లారీలును పోవు మార్గము. మన తాతల నాడు ఈ మాటకు మరియొక అర్థము కూడ నుండెడిది. ఒక ప్రభువు ఏలుబడిలోనుండి మరియొక ప్రభువు ఏలుబడిలోనికి పోవువాడు చేత పట్టుకొనవలసిన అనుమతి పత్రమును రహదారి యనియు, రహదారి చీటీ యనియు పిలిచెడివారు. బాట పేరును, బాటపై నడచుటకు అనుమతి పేరును ఒక్కటే యగుట మొదట వింతగా తోచును. ఆలోచించిన కొలది అది సమంజసమే యనిపించును. చీటీ లేనివానికి బాట యున్నను లేనట్లే కదా!

ఈ చీటీ విషయమున ఒక చిక్కు కలదు. ఒకడు ఒక దేశపు పౌరసత్వమును వదలి మరియొక దేశపు పౌరుడగును. ఆ మార్పు ఒక్క గడియలో జరుగును. పాత దేశపు పాస్‌పోర్టు ఆ గడియనుండియే వానికి చెల్లదు. క్రొత్త దేశపు పాస్‌పోర్టు ఇంకను చేతికి రాలేదు. సరిగా ఈ నడుమనే తల్లికి జబ్బు చేసినదని స్వగ్రామమునుండి కబురు వచ్చినది. వాడు ఏ పత్రమును చూపి ఓడ యెక్కవలెను? ఎక్కినను, తిరిగి వచ్చునప్పుడు ఏమి చూపి దిగవలెను?

ఇది అమెరికాకు పోయి అచ్చటి పౌరులైన నేటి యువకుల ప్రశ్న మాత్రమే యని పలువురు తలచెదరు. కాని గోదావరి మొగలయందు ఈ ప్రశ్న పుట్టి ఎనుబది యేండ్లు కావచ్చుచున్నది. కొద్ది మైళ్ళ యెడములో నున్న రెండు ఊళ్ళు, కోరంగియు యానామును, దీనికి రెండు వేరు వేరు సమాధానములను చూచినవి. ఆ రెండు కథలను ప్రక్క ప్రక్కన నిలిపి చూచుట ఈ ప్రసంగమున మా యుద్దేశము.

కోరంగి ఒకప్పుడు తూర్పు తీరమున పేరెన్నికగన్న రేవు. అచ్చట ఓడలను కట్టెడివారు, బాగుచేసెడివారు. 1789 లోను, మరల 1839 లోను వచ్చిన తుపానులు ఉప్పెనలతో ఆ యూరిని ముంచివేసినవి. రేవు పూడిపోగా వ్యాపారము కాకినాడకు తరలినది. ఊరు చిన్నదైనను దాని పేరు సముద్రము దాటి నిలిచినది. బర్మాలో తెలుగు కూలీకి ‘కోరంగీ’ యని పేరు. వాడు గంజామువాడైనను, విశాఖపట్టణమువాడైనను, గోదావరివాడైనను అచ్చట కోరంగీయే.

రంగూనును మన పల్లెలవారు రంగమనిరి. ‘రంగము పోయినాడు’ అనగా బ్రతుకు తెరువు వెదకుకొని సముద్రము దాటినాడని భావము. ధవళేశ్వరము ఆనకట్ట 1852 లో పూర్తియై డెల్టా పండినను, పండిన భూమి అందరిదియు కాదు. భూమి లేనివారికిని, పొరుగు జిల్లాల మెట్ట సీమలవారికిని రంగమే దిక్కయ్యెను. బ్రిటిషు ఇండియా కంపెనీవారి పొగ ఓడలు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, గోపాలపురము రేవులలో కూలీలను ఎక్కించుకొని పోయెడివి. మేస్త్రీ ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టును. ఆ బాకీ తీరువరకు రంగములో వాని క్రింద పనిచేయవలెను. బియ్యపు మిల్లులలో బస్తాలు మోయుట, రేవులో ఓడలనుండి సరకు దింపుట, రిక్షా లాగుట, ఇవి వారి పనులు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటిరి. రంగూను నగరములో సగమునకు మించి భారతీయులే.

ఇంతమంది ఇన్ని యేండ్లు ఏ రహదారి చీటీతో పోయిరి? ఏ చీటీయు లేదు. 1852 నాటి యుద్ధముతో రంగూను ఆంగ్లేయుల వశమయ్యెను. 1885 నాటి యుద్ధముతో బర్మా మిగిలిన భాగమును వారిదే యయ్యెను. ఆ దేశమంతయు భారత సామ్రాజ్యములో ఒక రాష్ట్రముగా నుండెను. కావున చట్టము దృష్టిలో కాకినాడనుండి రంగమునకు పోవుట కాకినాడనుండి చెన్నపట్టణమునకు పోవుటవంటిదే. ఓడ టిక్కెట్టు కొన్నచో చాలును. సముద్రము నడుమ నున్నది గాని సరిహద్దు లేదు.

1937 ఏప్రిలు 1 వ తేదీన బర్మా భారతదేశమునుండి వేరుపడినది. కూలీ ఆ దినమున గూడ అదే మిల్లులో అదే బస్తాను మోసెను. వానికి తెలియకయే వాడు పరదేశములో నున్నవాడయ్యెను. అప్పటికే అచ్చట మనసులు చెడియుండెను. 1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేయగా, యజమానులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీరి తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మనిరి. దానినుండి పుట్టిన కలహములో ఎందరో తెలుగువారు ప్రాణములు కోల్పోయిరి. వలసలను గూర్చి విచారణ చేయుటకు బాక్స్టరు అను నధికారిని నియమించిరి. ఆయన నివేదిక అనంతరము 1941 జూలైలో భారత, బర్మా ప్రభుత్వములు ఒక ఒడంబడిక చేసికొనినవి. బర్మాలో అడుగిడు భారతీయునికి పాస్‌పోర్టో, అనుమతి పత్రమో ఉండి తీరవలెననుట దాని సారాంశము. గాంధీమహాత్ముడు మొదలుగా పలువురు దానిని నిరసించిరి.

ఆ ఒడంబడిక నెమ్మదిగా అమలు జరుగుటకు కాలము చాలలేదు. 1941 డిసెంబరు 23 వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 లో నాలుగైదు లక్షల భారతీయులు బర్మాను విడిచిరి. ఓడలలో చోటు దొరకనివారు అరకాను కొండల మీదుగాను, మణిపురము, అస్సాము అడవుల మీదుగాను నడచి వచ్చిరి. దారిలో కూలినవారెందరో లెక్క లేదు. ప్రాణము దక్కించుకొనిన వాని చేతిలో అద్దె రసీదో, మిల్లు జీతపు చీటీయో మిగిలియుండునని ఎవ్వరును ఆశింపరు. కాని కొలది యేండ్లలో సరిగా ఆ కాగితములే వానికి కావలసివచ్చినవి.

యుద్ధము ముగిసిన పిమ్మట తిరిగిపోవ దలచినవారికి క్రొత్త ద్వారపాలకుడు ఎదురయ్యెను. 1947 నాటి బర్మా వలసల అత్యవసర చట్టము ప్రకారము, అనుమతి పత్రము గాని, వీసా గల పాస్‌పోర్టు గాని లేని పరదేశీయుడు ఆ నేలపై దిగరాదు. 1948 జనవరి 4 వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. ఆ రాజ్యాంగము మనవారికి ఒక తలుపు తెరచియుంచినది. బ్రిటిషు సామ్రాజ్యములో ఎచ్చటనైనను పుట్టి, నిర్ణీతమైన దినమునకు ముందు పదియేండ్లలో ఎనిమిదేండ్లకు తక్కువ గాక బర్మాలో నివసించి, అచ్చటనే స్థిరపడ దలచినవాడు బర్మా పౌరసత్వమును కోరుకొనవచ్చును. నిర్ణీత దినములు రెండు: 1948 జనవరి 4, లేక 1942 జనవరి 1. ఈ రెండవ తేదీని పెట్టుటలో న్యాయబుద్ధి యున్నది. యుద్ధకాలమున పారిపోయి కొన్నియేండ్లు కాకినాడ ప్రాంతమున తలదాచుకొనిన వాని ప్రవాసము లెక్కలో విరుగకుండుటకు అది తోడ్పడినది.

తలుపు తెరచియుండుట వేరు, గడప దాటుట వేరు. కోరుకొన్నంత మాత్రమున సరిపోదు. అర్జీ పెట్టవలెను, నివాసమును ఋజువు చేయవలెను, ధ్రువపత్రము వచ్చువరకు వేచియుండవలెను. చదువు రాని కూలీకి ఇందులో ఏ మెట్టును సులభము కాదు. అట్లు బర్మాలోని తెలుగువారు మూడు తెగలైరి. భారతీయులుగానే నిలువ దలచినవారు మన రాజ్యాంగము 8 వ అధికరణము క్రింద రాయబార కార్యాలయమున పేరు నమోదు చేయించుకొని, అచ్చట పరదేశీయుల చిట్టాలో కెక్కిరి. కొందరు ధ్రువపత్రము పొంది బర్మా పౌరులైరి. మూడవ తెగవారు అర్జీ పెట్టి ఎదురుచూచినవారు.

మొదటి తెగవానికి కష్టములున్నను, అవి తెలిసిన కష్టములు. వానికి భారత పాస్‌పోర్టు కలదు. తిరిగి బర్మాకు వచ్చుటకు ఆ ప్రభుత్వపు అనుమతి కావలెను. రెండవవానికి బర్మా పాస్‌పోర్టు లభింపవచ్చును. తాను పుట్టిన ఊరికి వీసాతో అతిథివలె వచ్చును. మూడవవాని స్థితియే దుర్భరము. తాను బర్మాకు చెందినవాడనని వ్రాసి యిచ్చెను గాన భారత పాస్‌పోర్టు అడుగుటకు నోరు రాదు. స్వచ్ఛందముగా అన్యదేశ పౌరసత్వమును పొందినవాడు భారత పౌరుడు కాడని మన రాజ్యాంగము 9 వ అధికరణమును, 1955 నాటి పౌరసత్వ చట్టము 9 వ విభాగమును చెప్పుచున్నవి. వాడు పొందినాడా, పొందలేదా? అర్జీ ఏ బల్లపై నున్నదో ఆ బల్లకే తెలియును. ఆ నడుమ చెల్లెలి పెండ్లికి పోవలెనన్నను, తండ్రి కర్మకు పోవలెనన్నను వానికి దారి లేదు. పోయినచో తిరిగి రానిత్తురన్న నమ్మకము లేదు. పోకున్నచో ఊరిలో మాట దక్కదు.

ప్రవాస భారతీయులు ఏదో ఒక పక్షమును తేల్చుకొనవలెనని నెహ్రూ ప్రభుత్వము పలుమారులు సలహా యిచ్చినది: నివసించు దేశపు పౌరులు కండు, లేనిచో భారతీయులుగా నుండి పరదేశీయుల హక్కులతో తృప్తి పడుడు. సలహా న్యాయమైనదే. కాని తేల్చుకొనుట మనిషి చేతిలో నున్నను, తేల్చిచెప్పుట కచేరీ చేతిలో నుండెను.

1962 మార్చి 2 వ తేదీన సేనాధిపతి నేవిన్ బర్మా ప్రభుత్వమును హస్తగతము చేసికొనెను. 1964 లో దుకాణములు జాతీయమైనవి. ఆ మే నెలలో పెద్ద నోట్లు రద్దయినవి. అటుపిమ్మట లక్షకు పైగా భారతీయులు ఓడలలో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున దిగినవారి గుర్తుగా అచ్చట బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు. వెనుక నిలిచినవారి కథకు 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టము విచిత్రమైన ముగింపు వ్రాసినది. 1948 నాటి చట్టము క్రింద అర్జీ పెట్టి ఇంకను తీర్పు రానివారికి అది ‘సహపౌరులు’ అను ఒక ప్రత్యేక తరగతిని కల్పించినది. ఎదురుచూపునే చట్టము ఒక జాతిగా లెక్కించినది!

ఇక కోరంగికి పొరుగున నున్న యానాము మాట. 1723 లో ఫ్రెంచివారు అడుగుపెట్టిన ఈ చిన్న పట్టణము చుట్టును ఆంగ్లేయుల సీమ. వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. గోదావరి నీరే త్రాగి, తెలుగే మాటలాడి, ఇచ్చటివారు చట్టము దృష్టిలో ఫ్రెంచి జాతీయులు. ఇచ్చటివాడు సరకు గొని కాకినాడ పోవుట ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుటయే. 1929 లో శారదా చట్టము వచ్చిన పిదప, ఆ చట్టము వర్తింపని యానామునకు ఇరుగుపొరుగు గ్రామములవారు బాల్య వివాహముల కొరకు తరలి వచ్చిరనుట మన పెద్దలకు తెలిసిన విషయమే.

1954 జూన్ 13 వ తేదీన దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున స్వాతంత్ర్యవాదులు యానామును స్వాధీనము చేసికొనిరి. అక్టోబరు 18 న కీళూరులో జరిగిన సమావేశములో 178 మంది ప్రతినిధులకు గాను 170 మంది భారతదేశములో చేరుటకు సమ్మతించిరి. నవంబరు 1 వ తేదీన పాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చెను. కాని పాలన మారినను జాతీయత మారలేదు. విలీనపు సంధి 1956 మే 28 న సంతకమైనది. ఫ్రాన్సు ఆమోదము పొంది అమలునకు వచ్చుసరికి 1962 ఆగస్టు 16 వ తేదీ యయ్యెను. నడుమ దాదాపు ఎనిమిదేండ్లు యానాము విచిత్రమైన స్థితిలో నుండెను. ఎగిరినది మన జెండా. ప్రజలు ఫ్రెంచి జాతీయులు. 1961 లో మన సర్వోన్నత న్యాయస్థానమే, పుదుచ్చేరి చట్టరీత్యా ఇంకను భారత భూభాగములో చేరలేదని చెప్పవలసి వచ్చెను.

అయినను ఈ నడిమికాలము యానామువారిని కోరంగివారివలె బాధింపలేదు. ఏల? సంధి వ్రాసినవారు మనిషిని ముందుగా తలచుకొనిరి. ఒకే యింట పుట్టిన ముగ్గురు అన్నదమ్ములను ఊహింతము. పెద్దవాడు యానాములో ఇల్లు పట్టుకొనియున్నాడు. రెండవవాడు కాకినాడలో వర్తకుడు. మూడవవాడు సైగానులో ఉద్యోగి. ఆ యాగస్టు 16 న పెద్దవాడు, రెండవవాడు అర్జీ లేకయే భారత పౌరులైరి. మూడవవాడు అర్జీ లేకయే ఫ్రెంచి జాతీయుడుగా నిలిచెను. అది ఇష్టము లేనిచో ఆరునెలలలోపల వ్రాతపూర్వకముగా ఒక్క ప్రకటన చేసి, పెద్దవాడైనను రెండవవాడైనను ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనవచ్చును. మూడవవాడు భారత పౌరసత్వమును కోరుకొనవచ్చును. అట్లు ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనిన పెద్దవాడు ఎన్నడును భారత పౌరుడు కానట్లే భావింపబడునని సంధి పలికినది. అనగా నడుమ దినములలో వాడు ఎవడన్న ప్రశ్నకే తావు లేదు. పాత పాస్‌పోర్టు ఎన్నడు చెల్లదో, క్రొత్తది ఎవరిని అడుగవలెనో ముగ్గురికిని మొదటి దినముననే తెలియును. అన్నదమ్ములు వేరు వేరు దేశములవారగుట దుఃఖమే కావచ్చును. ఏ దేశమువారో తెలియకపోవుట మాత్రము లేదు.

రెండు కథలలోని భేదమిది. యానాములో చట్టము తానే మనిషి వద్దకు వచ్చి, నీవు ఫలానావాడవు, వలదన్నచో చెప్పుమనెను. రంగములో చట్టము తన గద్దెపై కూర్చుండి, నీవెవరవో ఋజువు చేసికొని రమ్మనెను. మొదటిచోట ఎడము ఆరునెలలు. రెండవచోట ఒక జీవితకాలము. యానాము సంధికి వెనుక రెండు ప్రభుత్వములు నిలిచినవి. కొన్ని వేలమంది మాత్రమే ఫ్రెంచి జాతీయతను ఎంచుకొనిరి. రంగములోని కూలీ వెనుక నిలిచినవారు లేరు. ఆ భేదమును మరువరాదు.

నిస్సందేహముగా పౌరుడైనవానికి మాత్రము పాస్‌పోర్టు హక్కుగా దొరికెడిదా? 1967 వరకు మన దేశమున పాస్‌పోర్టు ఇచ్చుట ప్రభుత్వపు ఇచ్ఛ. దానికొక నిర్దిష్టమైన చట్టమే లేదు. అట్లుండగా ఒక వర్తకుడు తన పాస్‌పోర్టులను తిరిగి ఇమ్మన్న ప్రభుత్వముపై వ్యాజ్యము వేసెను. 1967 ఏప్రిలు 10 వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, ముగ్గురొక వైపును ఇద్దరొక వైపునుగా, తీర్పు చెప్పినది. విదేశములకు పోవు హక్కు రాజ్యాంగము 21 వ అధికరణములోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమే. చట్టము లేక దానిని హరింపరాదు. ఆ తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు మన రాజమహేంద్రవరమున జన్మించినవారు, అచ్చటి ప్రభుత్వ కళాశాలలో చదివినవారు. పదవిని వదలుటకు ముందు దినమున ఆయన ఈ తీర్పు నిచ్చుట గమనింపదగినది. దాని ఫలితముగా ఆ జూన్ నెలలోనే పాస్‌పోర్టుల చట్టము వచ్చెను. ఏ దేశపు పౌరుడునుగా తేలనివానికి సైతము ఈయదగిన గుర్తింపు పత్రమును, అత్యవసర పత్రమును ఆ చట్టము పేర్కొనినది. రంగములో నిలిచిపోయిన వానివంటివారి నుద్దేశించిన మాట చట్టములో చేరుటకు ఇంతకాలము పట్టినది.

నేడు రంగము దారి మూతపడినది; అమెరికా దారి తెరచియున్నది. పౌరసత్వ ప్రమాణము చేసిన కోనసీమ యువకునికి భారత పౌరసత్వము ఆ దినముననే ముగియును. పెట్టెలోని భారత పాస్‌పోర్టుపై గడువు ఇంకను ఐదేండ్లున్నను దానితో ప్రయాణము చేయుట నేరము. దానిని తిరిగి అప్పగింపవలెను. చేతిలోని పౌరసత్వ ధ్రువపత్రము గౌరవమైనదే గాని, దానిని చూపి విమానము ఎక్కనీయరు. 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసి భారతీయ దివసమున ప్రారంభమైన ప్రవాస పౌరుని కార్డు జీవితకాలపు వీసావంటిదే గాని పౌరసత్వము కాదు, పాస్‌పోర్టు కాదు. కావున క్రొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చువరకు టిక్కెట్టు కొనకుండుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. అతని ఎదురుచూపు వారములలో తీరును. అత్యవసరమని నిరూపించినచో దినములలోనే తీరును. రంగములోని వాని తాతకు అట్టి గడువు ఎవ్వరును చెప్పలేదు.

పౌరసత్వము మనసుకు సంబంధించినదని కొందరు, పుట్టుకకు సంబంధించినదని కొందరు అందురు. సముద్రపు టొడ్డున బ్రతికిన మా గోదావరి ప్రజలు నేర్చినది వేరు. పరాయివాని రేవులో నిలిచినప్పుడు మన మాటను మనము చెప్పుకొనలేము. చేతిలోని కాగితము చెప్పవలెను. ఆ కాగితమును సకాలమున ఇచ్చుట కచేరీవారు చూపు దయ కాదు, వారు తీర్పవలసిన ఋణము. ఒక దేశము తన పౌరుని ఎంతగా తనవానిగా ఎంచినదో ప్రమాణమునాటి పూలదండలలో కనబడదు. తల్లి జబ్బు కబురు వచ్చిన రాత్రి అతనికి దొరకిన చీటీలో కనబడును.